సంఘ కీర్తనలు – సంగీత మనస్తత్వ శాస్త్రము
(చింతమడకలో జరిగిన కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీత మనస్తత్వ శాస్త్రమును విశ్వవిద్యాలయములో ఎట్లు బోధిస్తారో, ఆ బోధన వలన గ్రామ సంఘమునకు ఏమి ప్రయోజనమో చెప్పవలసినదని ఈ కూడిక నిర్వాహకులు మమ్ములను కోరినారు. పేరు పెద్దది గాని విషయము మీకు కొత్తది కాదు. పాట వినినపుడు మనస్సులో ఏమి జరుగుతున్నది? ఒకసారి నేర్చిన పాట ఎట్లు జ్ఞాపకముంటున్నది? పదిమంది కలిసి పాడినపుడు వారి మధ్య ఏమి మారుతున్నది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెదకునదే ఈ శాస్త్రము. సౌలు రాజు మనస్సు కలతపడినపుడు దావీదు సితారా వాయించగా ఆయనకు నెమ్మది కలిగెనని సమూయేలు మొదటి గ్రంథము 16వ అధ్యాయములో చదువుకొంటున్నాము. అందుచేత ప్రశ్న పాతదే. దానిని పరీక్షించి చూచే పద్ధతి మాత్రమే కొత్తది.

మెదక్ మహాదేవాలయము 1924 డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. 2024 క్రిస్మస్ నాటికి దానికి నూరు సంవత్సరములు నిండినవి. పాస్నెట్ దొరగారి పేరును, కరవు కాలములో ఆ కట్టడపు పనిచేసి కడుపు నింపుకొన్న మన పెద్దలను అందరము తలచుకొంటున్నాము. రాతి కట్టడములో ఒక రాయి కదిలితే చూచుటకు ఇంజనీర్లు ఉన్నారు. ఆ గోడల మధ్య నూరేండ్లుగా మన వారు పాడిన కీర్తనలో ఒక చరణము జారిపోతే చూచువారెవరు? ఈనాడు మీ ముందు ఉంచదలచిన ప్రశ్న ఇదే.

ఈ శాస్త్రము ఎట్లు పుట్టినది

ధ్వనిని మన చెవి ఎట్లు గ్రహించునో వివరించుచు జర్మనీ దేశస్థుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ఒక గొప్ప గ్రంథమును ప్రకటించినాడు. ఇరువది సంవత్సరముల తరువాత, 1883లో, స్టుంఫ్ అను పండితుడు స్వరములను గూర్చిన మనస్తత్వ గ్రంథము మొదటి భాగమును వెలువరించినాడు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున పనిచేసిన కార్ల్ సీషోర్ 1919లో సంగీత ప్రతిభను కొలిచే పరీక్షలను గ్రామఫోను రికార్డులమీద తయారుచేసినాడు. రెండు ధ్వనులు వినిపించి, రెండవది హెచ్చా తగ్గా అని అడుగుట. ఏది పెద్దగా మ్రోగినదని అడుగుట. కొన్ని స్వరములను రెండుసార్లు వినిపించి, రెండవసారి మారిన స్వరమేదని అడుగుట - ఆ పరీక్షలు ఇట్టివి.

మన దేశములో ఈ మార్గమున పనిచేసిన వారిలో బి. చైతన్య దేవగారు ముఖ్యులు. సంగీతమును, మాటను చెవి గ్రహించే తీరును గూర్చి వారు వ్రాసిన గ్రంథము 1967లో వెలువడినది. రాగములు వినినపుడు శ్రోతల మనస్సు ఎట్లు స్పందించునో విర్మానిగారితో కలిసి వారు చేసిన అధ్యయనము 1975లో అచ్చయినది. మన విశ్వవిద్యాలయములలో ఈ విషయము ఎక్కువగా సంగీత శాఖలోనో మనస్తత్వ శాస్త్ర శాఖలోనో ఒక పాఠ్యాంశముగా మాత్రమే ఉంటున్నది. సంగీతము నేర్చిన విద్యార్థికి లెక్కలంటే భయము, మనస్తత్వ శాస్త్ర విద్యార్థికి శ్రుతి అంటే భయము. ఇద్దరినీ ఒక బల్లపై కూర్చుండబెట్టుట బోధకులకు మొదటి కష్టము.

తరగతిలో మేము సీషోర్ పరీక్షలతోనే ఆరంభిస్తాము. చెవికి గల సూక్ష్మశక్తిని కొలువవచ్చునని విద్యార్థులకు తెలియవలెను. ఆ వెంటనే ఆ పరీక్షలపై వచ్చిన ఆక్షేపణను కూడ చెప్పుతాము. స్వరమును, కాలమును, బిగ్గరతనమును ముక్కలు ముక్కలుగా కొలిచి, ఆ ముక్కలను కూడినంత మాత్రమున పాట పాడగల మనిషి తయారు కాడని మర్సెల్ అను పండితుడు 1930ల దశకములో గట్టిగా వాదించినాడు. మీ సంఘములో కీర్తన ఎత్తే అవ్వను తలచుకొనండి. ఆమెను ఆ పరీక్షకు కూర్చుండబెడితే ఎన్ని మార్కులు వచ్చునో చెప్పలేము. కాని ఆమె ఎత్తిన కీర్తనను వందమంది అందుకొంటారు. ఆ శక్తిని కొలిచే త్రాసు ఆ రికార్డులలో లేదు.

చెవికి తెలిసినది, నోటికి తెలియనిది

సంగీతము రాదని చెప్పుకొనే మనిషికి కూడ ఎంతో సంగీతము తెలిసియుండునన్నది ఈ శాస్త్రము నేర్పిన మొదటి పాఠము. 1984లో కాస్టెలానో, భరూచా, క్రుమ్‌హాన్సల్ అను ముగ్గురు ఒక పరిశోధనను ప్రచురించినారు. హిందూస్థానీ రాగములను వినిపించి, చివర ఒక్క స్వరమును వాయించి, ఇది ఆ రాగమునకు ఎంతవరకు పొసగినదని అడిగినారు. భారతీయులను అడిగినారు, పాశ్చాత్యులను కూడ అడిగినారు. వినిన కొద్దిసేపటిలో ఏ స్వరము ఎక్కువగా వచ్చినదో, ఏది ఎక్కువసేపు నిలిచినదో ఉభయుల చెవులూ పట్టుకొన్నవి. అయితే ఆ సంగీతముతో పెరిగిన భారతీయుల జవాబులలో, అప్పుడు వినిన దానికంటె అదనముగా, ఆ స్వరములు ఏ మేళమునకు చెందినవో తెలిసిన జాడ కూడ కనిపించినది.

ఈ మాటను చింతమడక భాషలో చెప్పుకొందము. బతుకమ్మ చుట్టు చప్పట్లు కొట్టుచు తిరుగు చిన్నపిల్లకు స్వరముల పేర్లు తెలియవు. ముందు పాడే ఆమె ఒకచోట తప్పుగా దించితే ఆ పిల్ల తలయెత్తి చూచును. ఆ బాణీని ఎవరూ వ్రాసి ఇవ్వలేదు. చెవి తనంతట తాను నేర్చినది. మన సంఘములోని పిల్లలు కూడ ఆదివారము ఆదివారము అట్లే నేర్చుకొనుచున్నారు, లేక నేర్చుకొనకుండ పోవుచున్నారు. వినిపించినదే చెవి నేర్చును. వినిపించనిదానిని చెవి ఎట్లు నేర్చును?

బాణీ మాటను మోయును

రెండవ పాఠము జ్ఞాపకమును గూర్చినది. 1994లో వాండా వాలెస్ అను అమెరికా పరిశోధకురాలు ఒకే గేయమును కొందరికి చదివి వినిపించినది, కొందరికి పాడి వినిపించినది. మూడు చరణములూ ఒకే బాణీలో పాడగా వినినవారికి మాటలు ఎక్కువగా గుర్తున్నవి. కాని ఒక్క చరణము మాత్రమే పాడి వినిపించినపుడు ఆ లాభము కనబడలేదు. బాణీ మళ్లీ మళ్లీ వచ్చి చెవికి పరిచయమైన తరువాతనే అది మాటకు ఊతమైనది. ఏ పంక్తికి ఎన్ని అక్షరములు పట్టునో, ఎక్కడ ఆగవలెనో బాణీ ముందే చెప్పును. అందుచేత మరచిన మాటను వెదకుటకు మనస్సుకు దారి చిక్కును.

ఈ సంగతి మన గ్రామ ఉపదేశకులకు పరిశోధన లేకుండనే తెలుసు. 1961 జనాభా లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో అక్షరాస్యులు నూటికి 21 మంది. స్త్రీలలోనైతే నూటికి 12 మంది మాత్రమే. అంతకు ముందరి తరములలో ఇంకను తక్కువ. పగలంతా పొలములో పనిచేసి వచ్చినవారికి, గ్రంథము చదువనేరనివారికి, రాత్రి లాంతరు వెలుతురులో సువార్త ఎట్లు అందినది? కీర్తన ద్వారా అందినది. పల్లవిని ఒకరు చెప్పుట, అందరు అనుట, చరణమునకు చరణము తిరిగి పల్లవికి వచ్చుట - వాలెస్ పరిశోధనలో పనిచేసిన సూత్రము ఇదే. ఎందరో తల్లులకు బైబిలు మొదట పుస్తకముగా రాలేదు, పాటగా వచ్చినది.

ఇంకొక సంగతి. చిరకాలముగా ఎరిగిన పాటల జ్ఞాపకముతో సంబంధము గల మెదడు భాగములు, మతిమరపు తెచ్చే ఆల్జీమర్స్ వ్యాధిలో, ఇతర భాగములకంటె తక్కువగా దెబ్బతినునని జర్మనీలోని లైప్‌సిగ్ పరిశోధకులు 2015లో ప్రకటించినారు. మనుమని పేరు మరచిన అవ్వ, పక్కన ఎవరైన పల్లవి ఎత్తితే, చరణమును అందుకొనుట మీలో కొందరు చూచియుందురు. అట్టి వారిని పరామర్శించుటకు వెళ్లినపుడు మాటలు తక్కువ చేసి ఒక పాత కీర్తన ఎత్తండి.

రాగము పేరు పాట కాదు

ఇక మన అసలు విషయమునకు వద్దాము. మీ చేతులలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమును తెరచి చూడండి. కీర్తనకు పైన రాగము పేరు, తాళము పేరు ఉన్నవి. కింద సాహిత్యము ఉన్నది. స్వరములు లేవు. 1803లో జన్మించి, 1833లో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలైనను, తరువాతి కవుల కీర్తనలైనను మనకు అచ్చులో అందినది ఇంతవరకే. మిగిలినదంతా పాడువారి గొంతులో ఉన్నది.

రాగము పేరు ఉన్నది గదా, చాలదా అని మీరు అడుగవచ్చును. చాలదు. రాగమనగా ఊరికి పోవు బాటవంటిది. ఆ బాటన ఎవరు ఎట్లు నడిచినారో బాట పేరు చెప్పదు. ఒకే రాగములో వేయి పాటలు కట్టవచ్చును. ఏ పాటకు ఏ నడక అన్నది నేర్చినవారి నోటనే తెలియవలెను.

దీనికి మన చేతిలోని బైబిలే సాక్షి. కీర్తనల గ్రంథములో 22వ కీర్తనకు పైన ఒక రాగము పేరు ఉన్నది. 57, 58, 59, 75 కీర్తనలకు పైన ఒకే పేరు కనిపించును. అది ఆ నాలుగింటికి తెలిసిన ఒక బాణీ పేరని పండితులు భావించుచున్నారు. ఆ దినములలో యెరూషలేములో ఆ పేరు చెప్పగానే గాయకులు గొంతెత్తియుందురు. ఈనాడు మాటలు ఒక్కటి కూడ పోలేదు. పేరు కూడ పోలేదు. బాణీ మాత్రము ఈ భూమిమీద ఎవరికిని తెలియదు.

మన తెలుగు దేశములోను ఇట్లే జరిగినది. 1503లో కాలము చేసిన తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచినారు. రాగిపై చెక్కినది చెదలు తినదు. వేలకొలది సంకీర్తనలు రాగముల పేర్లతో సహా నిలిచినవి. కాని పాడే పరంపర తెగిపోయినది. ఇరువదవ శతాబ్దములో రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మగారి వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరములు కూర్చవలసివచ్చినది. ఆ స్వరరచన గొప్పదే. అయినను అన్నమయ్య స్వయముగా పాడిన బాణీ ఏదో మనకు తెలియదు. దీనికి భిన్నముగా, 1847లో గతించిన త్యాగరాజు కృతులు రాగిరేకులకు ఎక్కలేదు. శిష్యులు నేర్చినారు, తమ శిష్యులకు నేర్పినారు. శాఖ శాఖకు కొంత భేదముతోనైనను ఆ కృతులు ఈనాడును బాణీతో పాడబడుచున్నవి. రాగిరేకు చేయలేని పనిని శిష్యుని గొంతు చేసినది.

మన కీర్తనలు ఈ రెండు దారులలో ఏ దారిన పోవలెనో నిర్ణయించునది ఈ తరమే. ముద్రణాలయము ఆ నిర్ణయము చేయదు. విశ్వవిద్యాలయము చేయదు.

మా తరగతికి మీ ఊరు ఎందుకు కావలెను

తరగతిలో గ్రామ సంఘముల నుండి వచ్చిన విద్యార్థులు కూడ ఉంటారు. తమ ఊరి బాణీని పాడమంటే వారిలో కొందరు సిగ్గుపడతారు. పుస్తకములో ఫలానా రాగమని ఉన్నది, మా ఊరిలో అట్లు పాడరు, మాది తప్పేమో అంటారు. తప్పు అను మాటను ఇచట తొందరపడి వాడకూడదు. జానపదుల నోటిలో పాట ఊరూరికి కొంత మారును. మారుటయే అది బ్రతికియున్నదనుటకు గుర్తు. అందుచేత మేము విద్యార్థులకు అప్పగించే పని ఇది: ఒక కీర్తనను తీసికొని, మీ ఇంట పెద్దవారు పాడునట్లే స్వరపరచి తెండి, పక్క ఊరివారు పాడునట్లును స్వరపరచండి, రెండింటిలో ఏది నిలిచినది, ఏది మారినది గుర్తించండి. పల్లవి మొదటి అడుగు, తాళము, చివర ఆగే స్వరము - ఇటువంటివి మారకుండ నిలిచినవా? మధ్య సంగతులు మారినవా? మనుష్యుల మనస్సు దేనిని గట్టిగా పట్టుకొనునో, దేనిని వదలునో తెలిసికొనుటకు ఇంతకంటె మంచి ప్రయోగశాల లేదు.

1968లో పి.వై. లూక్, జాన్ బి. కార్మన్ గార్లు మన అధ్యక్షమండలములోని జంగరాయి ప్రాంతపు గ్రామ సంఘములను గూర్చి ఒక గ్రంథము వెలువరించినారు. పల్లె సంఘము కూడ పండితులు తలవంచి చదువదగిన గ్రంథమే అని దాని వలన తెలిసినది. పాట విషయములో అట్టి పని జరుగవలసియున్నది.

భావము, సహవాసము

పాట భావమును గూర్చి ఒక ముచ్చట. 1999లో బాల్క్‌విల్, థామ్సన్ అను పరిశోధకులు హిందూస్థానీ రాగములను, ఆ సంగీతము ఎరుగని కెనడా శ్రోతలకు వినిపించినారు. సంతోషము, దుఃఖము, కోపము - ఈ మూడింటిని వారు చాలవరకు గుర్తించినారు. శాంతమును మాత్రము గుర్తించలేకపోయినారు. వేగము, బిగ్గరతనము వంటివి ఏ దేశమువారికైనను సంతోషమును, దుఃఖమును తెలుపును. శాంతమును వినుటకు ఆ సంగీతముతో కొంతకాలము కాపురము చేయవలెనేమో అని మాకు తోచుచున్నది. పాత కీర్తనలు మందకొడిగా ఉన్నవని మన యౌవనస్థులు అన్నపుడు వారిని మందలించవద్దు. ఆ శాంతము చెవికి పట్టునంతకాలము వారితో కూర్చుండి పాడండి.

సహవాసమును గూర్చి 2015లో ఇంగ్లండులో ఒక అధ్యయనము వెలువడినది. వయోజనుల తరగతులలో పాట నేర్చువారిని, చేతిపని నేర్చువారిని, రచన నేర్చువారిని పోల్చి చూచినారు. నెలలు గడచేసరికి అన్ని తరగతులవారును ఒకరికొకరు దగ్గరయినారు. కాని పాట తరగతివారు మొదటినుండియే త్వరగా కలిసిపోయినారు. ఇరుగుపొరుగున మాటలేని రెండు కుటుంబములు ఒకే పల్లవిని అందుకొనిన ఆదివారములు ప్రతి సంఘములోను ఉన్నవి గదా.

అయితే ఈ మేలు పాడినవారికి కలిగినది. ఈనాడు మన మందిరములలో కీబోర్డు ఉన్నది, మైకు ఉన్నది, పెద్ద స్పీకర్లు ఉన్నవి. ఇవి చెడ్డవని మేము అనము. కొత్త పాటలను వద్దనము. పాత కీర్తనలన్నియు ఒకనాడు కొత్తవే. కాని స్పీకరు శబ్దములో తన గొంతు తనకు వినబడని మనిషి క్రమముగా పాడుట మానును. మైకు పట్టినవారు నలుగురు పాడుదురు, నాలుగు వందలమంది విందురు. విను సంఘము ఒక తరములో పాడుట మరచును. మైకు పట్టినవారి శ్రుతి ఎక్కువైనపుడు పెద్దవారి గొంతు అందుకొనలేదు. బాణీ తెలిసినవారే మౌనముగా ఉండిపోదురు. నష్టము ఎక్కడ మొదలగుచున్నదో చూడండి.

సంఘము చేయదగిన పని

మొదటిది. పుస్తకము ముందుంచుకొని, మన సంఘములో బాణీ తెలిసిన కీర్తనలు ఏవి, అవి ఎవరికి తెలియును అని ఒక పట్టిక వ్రాయండి. ఒక్కరికే తెలిసిన కీర్తనల పక్కన గుర్తు పెట్టండి. పని అక్కడనుండి మొదలుపెట్టవలెను.

రెండవది. నేడు ప్రతి ఇంట సెల్‌ఫోను ఉన్నది. ఆ పెద్దవారి ఇంటికి వెళ్లి, వాద్యములు లేకుండ, చప్పట్ల తాళముతో, వారికి అనువైన శ్రుతిలో కీర్తనను రికార్డు చేయండి. పల్లవితో ఆపవద్దు, కనీసము రెండు చరణములు పాడించండి. ఊరి పేరు, తేదీ, ఆ కీర్తనను వారు ఎవరివద్ద నేర్చినారో ఆ మాట, వారి నోటనే పలికించండి. సంగీతము తెలిసినవారు దొరికినపుడు దానిని స్వరపరిపించి పాస్టరేటు దస్తావేజులలో ఉంచండి.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. రికార్డు చేసి ఊరకుంటే ఆ ఫోను మరొక రాగిరేకు అగును. నెలకు ఒక కీర్తనను ఎన్నుకొని, ఆ నెల ఆదివారములన్నిటను పాడండి. ఒకేరోజు పదిసార్లు పాడుటకంటె, వారము వారము ఎడమిచ్చి పాడినది ఎక్కువకాలము నిలుచునని జ్ఞాపకశక్తి శాస్త్రములో 1885లో ఎబ్బింగ్‌హౌస్ కాలమునుండి తెలిసిన విషయము. చివరి ఆదివారము పుస్తకములు మూసి పాడించండి. జ్ఞాపకమును వెదకి తీసినపుడే అది గట్టిపడును. సండేస్కూలులో పిల్లలను పెద్దవారి పక్కన కూర్చుండబెట్టి నోటినుండి నోటికి నేర్పించండి. ఒక్క కీర్తనకైనను ఆ దినము మైకు ఆపి, సంఘము తన గొంతును తాను వినునట్లు చేయండి.

ఈ పనికి డబ్బు అక్కరలేదు, కట్టడము అక్కరలేదు. కాలము మాత్రము మన చేతిలో లేదు. పెద్దవారిలో ఒకరు ప్రభువు సన్నిధికి పిలువబడినపుడు మనము ఆదరణ కూడికలో ఆమెకిష్టమైన కీర్తనను పాడుచున్నాము. అదే కీర్తనను ఆమె బ్రతికియుండగనే, ఆమె ఎత్తగా, ఆమె మనుమరాలు అందుకొనునట్లు చేయుట మన బాధ్యత. మొదటి శతాబ్ది వారు మనకు మందిరమును కట్టి ఇచ్చినారు. రెండవ శతాబ్ది పిల్లలకు మనము పేర్లు మాత్రమే మిగిల్చి పోకుండునట్లు, పాటను కూడ అప్పగించునట్లు, దేవుడు మనకు శ్రద్ధను, ఓపికను అనుగ్రహించును గాక.